చదువు రానివారి ఓటు

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, 326వ అధికరణం కింద 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, ప్రతి పౌరురాలికీ ఓటు హక్కు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది జనాభా లెక్కల్లో దేశ అక్షరాస్యత 18.33 శాతమని తేలింది. స్త్రీలలో అది 9 శాతం కూడా లేదు. కొత్తగా ఓటు వచ్చినవారిలో అత్యధికులు అభ్యర్థి పేరు కూడా చదవలేని స్థితిలో ఉన్నారన్నమాట. ప్రభుత్వమంటే ఏమిటో, శాసనసభ ఏం చేస్తుందో తెలియనివారి చేతికి ఓటు ఇవ్వవచ్చా, ఇచ్చాక వచ్చి వేయమని వాళ్లను పిలవవచ్చా అన్న వాదన అప్పటికే ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. ఆ వాదన ఎలా మొదలైందో, ఎలా తేలిందో చెప్పేదే ఈ దేశంలో ఓటు చరిత్ర.

బ్రిటిష్ పాలనలో 1919 భారత ప్రభుత్వ చట్టం కింద వచ్చిన ఓటు ఆస్తిపరుల ఓటు. భూమి శిస్తు, మునిసిపల్ పన్ను, ఆదాయపు పన్ను కట్టేవారి పేర్లే జాబితాకు ఎక్కేవి. ప్రాంతీయ శాసనమండళ్లకు ఓటు ఉన్నవారు జనాభాలో మూడు శాతం లోపే. మద్రాసు శాసనమండలి 1921లో స్త్రీలకు ఓటు ఇస్తూ తీర్మానించి మిగతా రాష్ట్రాలకు దారి చూపింది. కానీ ఆస్తి షరతు అలాగే ఉండటంతో ఆ ఓటు దక్కిన స్త్రీలు కొద్దిమందే. 1935 చట్టం ఓటర్ల సంఖ్యను మూడు కోట్లు దాటించింది. ఆస్తితో పాటు ఈసారి చదువు కూడా అర్హతే అయింది. పొలమున్నవాడికి ఓటు, చదువుకున్నవాడికి ఓటు. ఆ పొలంలో పనిచేసే కూలీకి మాత్రం లేదు.

ఈ విభజన వెనక ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక సిద్ధాంతముంది. చదవడం, రాయడం, చిన్న లెక్కలు చేయడం రానివారికి ఓటు ఉండకూడదనీ, బాగా చదువుకున్నవారికి ఒకటికి మించి ఓట్లు ఉండాలనీ జాన్ స్టువర్ట్ మిల్ 1861లో రాశారు. స్త్రీలకు ఓటు కావాలని పోరాడిన ఆయనే ఈ మాట అన్నారు కాబట్టి దాన్ని దురుద్దేశమని కొట్టిపారేయడానికి లేదు. రాజ్యాధికారంలో వాటా కోరేవారికి కొంత జ్ఞానం ఉండాలన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆ జ్ఞానాన్ని కొలిచే అధికారం ఎవరిదన్న దగ్గరే చిక్కంతా. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో 1890 తర్వాత పెట్టిన అక్షరాస్యత పరీక్షలు దీనికి సాక్ష్యం. పరీక్ష పెట్టేది తెల్ల అధికారి, తప్పేది నల్లజాతి ఓటరు. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా లక్షల మందిని పోలింగ్ గది బయటే నిలబెట్టింది ఆ పరీక్షే.

భారతదేశంలో ఈ సంగతిని అందరికంటే సూటిగా చెప్పినవారు బి.ఆర్. అంబేడ్కర్. 1928లో సైమన్ కమిషన్ ముందు ఆయన వయోజనులందరికీ ఓటు కోరారు. చదువు లేనంత మాత్రాన తెలివి లేనట్టు కాదని, తరతరాలుగా కొన్ని కులాలను బడి గడప తొక్కనివ్వకుండా ఉంచి, ఇప్పుడు చదువు లేదన్న కారణంతోనే ఓటు కూడా ఇవ్వకపోతే అన్యాయం మీద అన్యాయం చేసినట్టేనని ఆయన వాదన సారం. పైగా, ఓటు ఎలా వేయాలో ఓటు వేయడంలోనే నేర్చుకుంటారు. కమిషన్ ఒప్పుకోలేదు. అదే ఏడాది మోతీలాల్ నెహ్రూ కమిటీ నివేదిక వయోజన ఓటు హక్కును సిఫారసు చేసింది. 1931లో కరాచీ కాంగ్రెస్ కూడా అదే తీర్మానం చేసింది. ఆ సంవత్సరమే పొరుగున సిలోనులో వయోజనులందరితో ఎన్నికలు జరిగాయి. ఇంగ్లీషు పాలనలో ఉన్న ఆసియా దేశంలో అది సాధ్యమేనని అప్పుడే రుజువైంది.

రాజ్యాంగసభలోనూ సందేహించినవారు లేకపోలేదు. కానీ అక్కడ వినిపించిన రెండు మాటలు గుర్తుంచుకోదగ్గవి. మొదటిది నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌ది. ప్రజల్లో అజ్ఞానం, నిరక్షరాస్యత ఉన్నాయని తెలిసే, సామాన్యుడి మీద నిండు విశ్వాసంతో సభ ఈ సూత్రాన్ని అంగీకరించిందని ఆయన 1949 నవంబరులో అన్నారు. రెండోది అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్‌ది. పల్లెటూరి మనుషులను దగ్గరగా ఎరిగినవాడిగా ఆయన వాళ్ల లోకజ్ఞానాన్ని నమ్మారు. విడమరిచి చెబితే తమ మంచీ, దేశం మంచీ గ్రహించగలరన్నారు. ఆయన బాధ మరో వైపు ఉంది. చట్టాన్ని అమలుచేసే అధికారికి అర్హతలు పెట్టి, చట్టం చేసే సభ్యుడికి ఏ అర్హతా పెట్టలేకపోయామని విచారించారు.

ఓటరు చదువు గురించిన పాత ఆలోచన ఒక మూల మాత్రం మిగిలిపోయింది. 171వ అధికరణం ప్రకారం శాసనమండళ్లలో పన్నెండో వంతు సభ్యులను పట్టభద్రులు, మరో పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. బ్రిటన్ తన విశ్వవిద్యాలయ నియోజకవర్గాలను 1948 చట్టంతో తీసేసింది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లో పట్టభద్రుల స్థానాలకు ఇప్పటికీ పోటీలు జరుగుతూనే ఉన్నాయి. డిగ్రీ ఉన్నవారికి ఒక ఓటు అదనంగా ఇవ్వడానికి ఈ రోజుల్లో సరైన సమర్థన దొరకడం కష్టం.

వయోజన ఓటు సూత్రం ఒప్పుకున్నాక పని మొదలు కాలేదు, అంతకుముందే మొదలైంది. రాజ్యాంగం ఇంకా ముసాయిదాలో ఉండగానే, 1948 నుంచి ఊరూరా ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితాలు రాయించారు. అంతకుముందు పేరు రాయించుకోవలసిన బాధ్యత ఓటరుది. ఇప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చి పేరు అడగడం ప్రభుత్వం పని అయింది. విభజనతో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన శరణార్థుల పౌరసత్వం అప్పటికి తేలలేదు. ఈ ఊళ్లో స్థిరపడతామని వాళ్లు చెప్పిన మాట మీదే పేర్లు ఎక్కించారు. అదృష్టవశాత్తూ ఆనాటి అధికారులు వాళ్లను తర్వాత చూద్దామనుకోలేదు.

1950 మార్చిలో మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరుగా వచ్చిన సుకుమార్ సేన్ ముందున్న జాబితాలో 17 కోట్లకు పైగా పేర్లున్నాయి. అందులో ఒక పెద్ద లోపం కనబడింది. ఉత్తరాదిన చాలామంది స్త్రీలు పరాయి మగవాడికి పేరు చెప్పడానికి ఒప్పుకోక, ఫలానావాడి తల్లి, ఫలానావాడి భార్య అని రాయించుకున్నారు. సొంత పేరు ఉండి తీరాలని సేన్ పట్టుబట్టారు. చివరికి పేరు తెలియని దాదాపు 28 లక్షల మంది స్త్రీలను జాబితా నుంచి తొలగించారు. ఆ ఎన్నికల్లో వాళ్లు ఓటు కోల్పోయారు. నిర్ణయం కఠినమైనదే. కానీ మరొకరి సంబంధంతో కాక, తన పేరుతో ఓటరుగా నిలవాలన్న నియమం ఆ తర్వాత జాబితాలను బాగుచేసింది.

ఇక ఓటు వేయించే పద్ధతి. చదవడం రానివారి కోసం మద్రాసు రాష్ట్రంలో 1937లోనే రంగు పెట్టెలు వాడారు. కాంగ్రెస్ పసుపు పెట్టె అప్పట్లో ప్రచార నినాదమైపోయింది. 1951-52లో రంగుకు బదులు బొమ్మ వచ్చింది. కాంగ్రెస్‌కు కాడెద్దులు, సోషలిస్టులకు మర్రిచెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. పల్లెలో పుట్టిన ఎవరికీ వీటిని పరిచయం చేయనక్కర్లేదు. పోలింగ్ గదిలో తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఉక్కు పెట్టె వరసగా పెట్టి, ప్రతి దానికీ గుర్తు అంటించారు. ఓటరు వేలికి చెరగని సిరా చుక్క పెట్టించుకుని, రూపాయి నోటంత కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్లి, తనకు కావలసిన బొమ్మ ఉన్న పెట్టెలో వేయాలి. రాయాల్సిందీ లేదు, ముద్ర వేయాల్సిందీ లేదు. దీనికోసం 20 లక్షలకు పైగా పెట్టెలు చేయించారు. ఓటు ఎలా వేయాలో సినిమాహాళ్లలో చూపించారు, రేడియోలో చెప్పారు. ఓటరుకు పరీక్ష పెట్టే బదులు, ఓటరుకు వీలైన పద్ధతిని వెతికారు. ఈ చరిత్రలో మెచ్చుకోవలసిన తెలివి అక్కడే ఉంది.

ఆ పద్ధతికి లోపమూ ఉంది. కాగితం మీద ఏ గుర్తూ ఉండదు కాబట్టి పెట్టెలో వేయకుండా బయటికి తెచ్చి అమ్ముకోవడానికి వీలుండేది. అందుకే 1962 నాటికి దాదాపు అంతటా అన్ని గుర్తులూ ఒకే చీటీ మీద అచ్చువేసి ముద్ర వేయించే విధానం వచ్చింది. తర్వాత యంత్రాలు వచ్చాయి. గుర్తు మాత్రం పోలేదు.

1951 అక్టోబరు 25న మొదలైన పోలింగు 1952 ఫిబ్రవరి దాకా సాగింది. ఓటర్లలో దాదాపు 45 శాతం వచ్చారు. ఏమీ తెలియనివారు చెప్పినచోట వేసి వస్తారని భయపడినవారికి తెలుగు జిల్లాల ఫలితాలే జవాబిచ్చాయి. మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్ గెలిచినవి 152. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం ఓడిపోయారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని తరిమెల నాగిరెడ్డి ఓడించారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్న హైదరాబాద్ రాష్ట్రంలో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నల్లగొండ నుంచి నిలబడ్డ రావి నారాయణరెడ్డికి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. దొరల గడీల కింద నలిగిన, సాయుధ పోరాటం చూసిన ఆ జిల్లా జనానికి తమకేం కావాలో తెలియదని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎన్నికలకు ముందు వయోజన ఓటు మీద తానే సందేహం వెలిబుచ్చిన నెహ్రూ, ఫలితాల తర్వాత చదువు రాని ఓటరు మీద తన గౌరవం పెరిగిందన్నారు.

ఓటు వేయమని ప్రభుత్వమే ప్రచారం చేయడం పద్ధతి ప్రకారం బలపడింది మాత్రం ఈ శతాబ్దంలో. ఓటరు వయసు అంతకుముందే, 1989లో 18కి తగ్గింది. ఎన్నికల సంఘం 2009లో ఓటర్లను చైతన్యపరిచే స్వీప్ కార్యక్రమం ప్రారంభించింది. 2011 నుంచి జనవరి 25ను జాతీయ ఓటర్ల దినంగా జరుపుతోంది. ఇంకో అడుగు ముందుకేసి ఓటును తప్పనిసరి చేయాలన్న ప్రయత్నమూ జరిగింది. స్థానిక ఎన్నికల్లో ఓటు వేయకపోతే శిక్ష అన్న గుజరాత్ చట్టం 2009లో సభ ఆమోదం పొంది, గవర్నరు సంతకానికి 2014 దాకా ఆగి, 2015లో హైకోర్టు స్టేతో నిలిచిపోయింది. లా కమిషన్ కూడా అదే ఏడాది నిర్బంధ ఓటు వద్దంది. అభ్యర్థులెవరూ నచ్చలేదని చెప్పే అవకాశం 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటాగా వచ్చింది. బలవంతం వద్దు, పిలుపు చాలన్నదే చివరికి నిలిచిన పద్ధతి. ఆ పిలుపు ఎక్కువ అవసరమైంది పల్లెలకు కాదు. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో మునుగోడులో 90 శాతం దాటి ఓట్లు పడితే, హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా రాలేదు.

చదువు షరతు మరో రూపంలో తిరిగి వచ్చిన సందర్భమూ ఉంది. పంచాయతీలకు పోటీచేసేవారికి రాజస్థాన్ 2014లో, హరియాణా 2015లో విద్యార్హతలు పెట్టాయి. హరియాణా చట్టాన్ని సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో సమర్థించింది. రాజస్థాన్ 2019లో తన నిబంధనను తీసేసింది. ఓటు వేయడానికి పనికొచ్చిన మనిషి ఊరి పనులు చూడటానికి పనికిరాకపోవడం అంబేడ్కర్ వాదనకు తూగదు.

తెలియనివారి సంగతిలో నిజంగా ముందడుగు వేసింది సమాచార హక్కు వైపున. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసులు ప్రమాణపత్రంలో బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. దాన్ని నీరుగార్చిన సవరణను 2003లో కొట్టేసింది. కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను పత్రికల్లో, టీవీలో ప్రకటించాలని 2018లో చెప్పింది. పార్టీలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందంటూ 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల పథకాన్ని రద్దుచేసింది. తెలుసుకుని రమ్మని ఓటరుకు షరతు పెట్టడం మాని, తెలియజేయాల్సిన బాధ్యతను అభ్యర్థి మీదా పార్టీ మీదా పెట్టిన తీర్పులివి. ప్రమాణపత్రాలు ఇప్పుడు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. అవి పేజీల కొద్దీ ఉండే పత్రాలు, చదవగలిగినవారి కోసం తయారైనవి. 1952లో కాడెద్దులూ కంకి కొడవలీ చేసినంత సులువుగా ఆ సమాచారాన్ని చదువు రానివారికి చేరవేసే పద్ధతి ఇంకా రాలేదు.