రోజుకోసారి చేతులు, కాళ్లు చూసుకుందాం: డిచ్‌పల్లి నుంచి వెల్లూరు దాకా ఒక చరిత్ర

పోస్ట్ కొంచెం పెద్దదే. టైం ఉన్నప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి.

మేము ఒక గిరిజన హాస్టల్లో ఒకే రూంలో ఉంటున్న ఆరుగురం. మా ఇళ్లల్లో డిగ్రీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. మాలో కొందరం ఆదివారం చర్చికి వెళ్తాం, కొందరం ఊళ్లో పండగలకి కొండదేవతకి మొక్కుతాం. దాని గురించి మా మధ్య ఎప్పుడూ గొడవ రాలేదు. గొడవ వచ్చింది ఒక మచ్చ గురించి.

మా రూమ్మేట్ ఒకడు మెస్‌లో సాంబారు గిన్నె దించుతుంటే చెయ్యి కాలింది. బొబ్బ లేచింది. వాడికి మాత్రం తెలియనే లేదు. మేము చూపిస్తే అప్పుడు చూసుకున్నాడు. ఆ చేతి మీద రాగి రంగు మచ్చ ఒకటి చాలా నెలల నుంచి ఉందట, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని దాచుకున్నాడు. ఇంటి దగ్గర వాళ్లమ్మ ఉపవాస ప్రార్థన పెట్టించింది. వాడేమో ఏదో పాపానికి శిక్ష అనుకున్నాడు. సర్వేకి వచ్చిన ఆశా అక్క పెన్ను మొనతో తాకి చూసి "స్పర్శ లేదు, పి.హెచ్.సి.కి రా" అంది. కుష్టు అని తేలింది. మన ఊళ్లల్లో పెద్దరోగం అంటారే, అదే.

ఆ రాత్రి మాలో ముగ్గురం మంచాలు జరుపుకున్నాం. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ సిగ్గుతోనే లైబ్రరీలో కూర్చుని ఈ రోగం చరిత్ర చదివాం. చదివింది మీతో పంచుకోవాలనిపించింది.

కుష్టు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని నార్వే డాక్టర్ హాన్సెన్ 1873లో కనిపెట్టాడు. శాపం కాదు, వంశం కాదు, క్రిమి అని అప్పుడే తేలింది. అయినా మనుషుల మనసు మారలేదు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చట్టం, దిక్కులేని కుష్టు రోగుల్ని పట్టుకుని ఆశ్రమాల్లో పెట్టొచ్చని చెప్పింది. ఆ ఆశ్రమాల్లో చాలావాటిని నడిపింది క్రైస్తవ మిషన్లే. తిండి, బట్ట, ప్రార్థన ఉండేవి. కానీ చాలాచోట్ల అది ఊరికి దూరంగా బతికి చచ్చిపోయే చోటే. మిషన్ల చరిత్రంతా మంచే అని మేము అనడం లేదు. తెల్లదొరల పాలన నీడలో వచ్చిన పని అది, అందులో తప్పులూ ఉన్నాయి. కానీ కొందరు ఆ గోడల లోపల ఉండే "వీళ్లకి నయం ఎందుకు కాకూడదు?" అని అడిగారు. ఈ కథ వాళ్లది.

మొదటి మనిషి మన తెలుగు నేల మీదే పనిచేసింది. ఇసబెల్ కెర్ స్కాట్లాండ్‌లో పుట్టి, అబర్దీన్‌లో డాక్టరీ చదివింది. పాస్టరైన భర్త జార్జితో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్ చుట్టుపక్కల కుష్టు రోగులు దిక్కు లేకుండా ఉండటం చూసి వాళ్ల కోసం పని మొదలుపెట్టింది. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. మిషన్ ఆసుపత్రికి హిందూ దాత డబ్బిస్తే, లోపల అన్ని కులాల, మతాల రోగులు పడుకున్నారు. మా రూం గుర్తొచ్చింది మాకు.

అప్పట్లో ఉన్న మందు చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజల నూనె. మన దేశపు వైద్యులకి ఎప్పటి నుంచో తెలిసిన నూనె అది. తాగితే వాంతులయ్యేవి. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి మీద పనిచేస్తుంటే, ఇసబెల్ ఆ పద్ధతి నేర్చుకుని డిచ్‌పల్లిలో మొదలుపెట్టింది. సూది బాగా నొప్పి పెట్టేది, అందరికీ నయమయ్యేదీ కాదు. అయినా రోగం ముదరకముందే వస్తే లాభం ఉందన్న ఆశ జనంలోకి వెళ్లింది. దాక్కునే మనిషి తనంతట తాను బయటికి రావడం, మాకు తెలిసి అదే మొదటి వైద్యం.

రెండో మనిషి కథ మనలాంటి కొండల్లోనే మొదలవుతుంది. తమిళనాడులోని కొల్లి కొండల మీద గిరిజనుల మధ్య జెస్సీ బ్రాండ్, ఎవెలిన్ బ్రాండ్ అనే మిషనరీ దంపతులు ఉండేవాళ్లు. కొడుకు పాల్ 1914లో పుట్టాడు. ఆ కాలంలో నారిపురుగు రోగం ఉండేది. నీళ్లతో కడుపులోకి వెళ్లిన పురుగు కాలి చర్మం చీల్చుకుని బయటికి వచ్చేది. జెస్సీ ఆ పురుగుని పుల్లకి చుట్టి, రోజుకి కొంచెం కొంచెంగా లాగేవాడు. తొందరపడితే తెగి లోపలే చీము పడుతుంది. ఇలా ఒక్కొక్కరికి లాగుతూ కూర్చుంటే రోగం పోదు. కాళ్లు దింపే బావి మాని గట్టు కట్టిన బావి వాడటం, గుడ్డతో నీళ్లు వడకట్టడం లాంటి అలవాట్లతోనే పోతుంది. చివరికి మన దేశంలో నారిపురుగు అలాగే పోయింది. దానికి టీకా లేదు, మందూ లేదు. 2000లో భారతదేశానికి ఆ రోగం లేదన్న గుర్తింపు వచ్చింది.

1929లో జెస్సీ మలేరియా ముదిరి, నల్లమూత్ర జ్వరంతో చనిపోయాడు. ఎవెలిన్ మాత్రం కొండలు వదల్లేదు. మిషన్ రిటైర్ చేశాక కూడా కొండల్లోనే తిరిగి, 1974లో 95 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

కొడుకు పాల్ ఇంగ్లండ్‌లో సర్జన్ అయ్యి 1946లో వెల్లూరు మెడికల్ కాలేజీకి వచ్చాడు. మరుసటి ఏడాది చెంగల్పట్టు కుష్టు ఆశ్రమం చూడ్డానికి వెళ్లాడు. వేళ్లు వంకరపోయిన ఒక మనిషి చేతిలో చెయ్యి పెట్టి "గట్టిగా నొక్కు" అన్నాడు. ఆ మనిషి నొక్కితే పాల్‌కి ప్రాణం పోయినంత పనైంది. అంత బలం ఉందంటే చెయ్యి చచ్చిపోలేదు, కొన్ని కండరాలకి నరం మాత్రమే దెబ్బతింది. అయితే బతికున్న కండరం స్నాయువుని తెచ్చి చచ్చిన దాని పనికి కలిపితే? అలా మొదలైన ఆపరేషన్లతో మూసుకుపోయిన గుప్పిళ్లు తెరుచుకున్నాయి.

ఆయన చూసిన అసలు సంగతి ఇంకొకటి. కుష్టు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని అందరూ నమ్మేవాళ్లు. ఒకసారి తుప్పు పట్టిన తాళం ఎవరూ తియ్యలేకపోతే, ఒక చిన్న కుర్రాడు వచ్చి తాళంచెవి తిప్పేశాడు. చూస్తే వేలు ఎముక దాకా తెగి ఉంది. వాడికి తెలియదు! రాత్రి పడుకున్నప్పుడు ఎలుకలు వేళ్లు కొరికినా కొందరికి తెలిసేది కాదట. అందుకని రోగులకి పిల్లుల్ని ఇచ్చారు. అంటే వేళ్లని తినేసేది రోగం కాదు. నొప్పి తెలియకపోవడం వల్ల తగిలే దెబ్బలు, కాలే గాయాలు, ఎవరూ కడగని పుళ్లు. మా వాడి సాంబారు గిన్నె కూడా అదే కదా!

నొప్పి అనేది దేవుడిచ్చిన కానుక అని పాల్ బ్రాండ్ జీవితాంతం చెప్పాడు. ఆయన క్రైస్తవ విశ్వాసంలో శరీరం దేవుడి ఆలయం. ఆలయమైతే రోజూ ఊడ్చాలి, దీపం పెట్టాలి. అందుకే ప్రార్థనతో పాటు అలవాటు నేర్పించారు. పొద్దున్నా సాయంత్రం చేతులు, కాళ్లు చూసుకోవడం. ఎక్కడైనా ఎర్రబడితే ఆ చోటికి విశ్రాంతి ఇవ్వడం. పొడిబారిన చర్మాన్ని నీళ్లలో నానబెట్టి నూనె రాయడం. వేడి గిన్నె గుడ్డతో పట్టుకోవడం. మెత్తటి రబ్బరు చెప్పులు లేకుండా నడవకపోవడం. ఎంసీఆర్ చెప్పులని ఇప్పుడు ఆసుపత్రుల్లో ఇచ్చేవి ఆ దారిలో వచ్చినవే.

మనసు సంగతి కూడా వాళ్లు రోగుల దగ్గరే నేర్చుకున్నారు. చేతులు బాగైన కొందరు తిరిగొచ్చి, మునుపైతే చెయ్యి చూసి భిక్షం వేసేవాళ్లు, ఇప్పుడు భిక్షమూ లేదు, కుష్టు మనిషని పనీ ఇవ్వరు అన్నారట. చెయ్యి బాగుచేసి మనిషిని వదిలేస్తే సగం వైద్యమే. అందుకని వెల్లూరులో నవజీవన కేంద్రం పెట్టి వడ్రంగం లాంటి పనులు నేర్పారు. ఆ బృందంలో మేరీ వర్గీస్ అనే కేరళ డాక్టరమ్మ ఉండేది. 1954లో ప్రమాదంలో నడుము కింద భాగం పడిపోయింది. అయినా చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. 1972లో ఆమెకి పద్మశ్రీ ఇచ్చారు.

ఇప్పటి సంగతి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడే బహుళ ఔషధ చికిత్స చెప్పింది. మందు పూర్తిగా ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే శక్తి పోతుంది. కలిసి తిన్నంత మాత్రాన, చెయ్యి పట్టుకున్నంత మాత్రాన రాదు. 2005 చివర్లో దేశంలో ప్రతి పది వేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని ప్రకటించారు. తగ్గింది కానీ పోలేదు. కుష్టు ఉంటే విడాకులు తీసుకోవచ్చన్న నిబంధనని మన చట్టాల నుంచి తీసేసింది 2019లో! చట్టానికే అంత టైం పడితే మన మనసులకి ఎంత పడుతుంది?

మా వాడు ఇప్పుడు నాలుగో ప్యాకెట్ మందు వాడుతున్నాడు. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే భయపడిపోయాడు. అది మందు రంగేనని నర్సక్క చెప్పింది. వాళ్లమ్మ ప్రార్థన మానలేదు, మానమని మేము అనలేదు. నెలనెలా పి.హెచ్.సి.కి వెళ్లే ముందు అమ్మకి ఫోన్ చేసి ప్రార్థన చేయించుకునే వెళ్తాడు. మందు వాడకుండా ప్రార్థన ఒక్కటే చేస్తే నరం పోతుంది. మందు ఇచ్చి మనిషిని దూరం పెడితే మనసు పోతుంది. రెండూ కావాలని మాకు అర్థమైంది.

మంచాలు మళ్లీ పాత చోటికి జరిపాం. జరుపుతుంటే వాడు ఏమీ అనలేదు, ఒక కాలు పట్టుకుని సాయం చేశాడు. ఇప్పుడు రోజూ రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఆరుగురం లైటు కింద చేతులు, పాదాలు చూసుకుంటాం. వాడికి కుష్టు ఉందని కాదు. ఒకడికి గజ్జి దొరికింది, ఒకడికి కాలి పగులులో చీము దొరికింది. ఎవరికి వాళ్లం చూసుకుంటే సిగ్గు, అందరం కలిసి చూసుకుంటే అలవాటు.

మీ హాస్టల్లో ఎవరైనా ఎండాకాలంలో కూడా చేతులు దాచుకుని తిరుగుతుంటే నవ్వకండి. మచ్చ ఉంటే, దాని మీద స్పర్శ లేకపోతే, పి.హెచ్.సి.కి పంపించండి. ఒక్కడినే పంపకండి, కూడా వెళ్లండి. మేము మొదటిసారి వాడిని ఒక్కడినే పంపాం. అదే మా తప్పు.