మా అమ్మ లెక్కలు

మా అమ్మ పెళ్లి ఫ్రెంచివాళ్ల రాజ్యంలో జరిగిందంటే మీరు నమ్మరు. నవ్వకండర్రా, ఓడెక్కి పారిసు వెళ్లిందని నేననలేదు. ఎదుర్లంక రేవులో పడవెక్కి గౌతమి దాటితే యానాం. ఇవతలి గట్టు ఇంగ్లీషువాడిది, అవతలి గట్టు ఫ్రెంచివాడిది. అంతే దూరం.

సంగతేమిటంటే, ఆడపిల్లకు పద్నాలుగేళ్లు, మగపిల్లాడికి పద్దెనిమిదేళ్లు నిండందే పెళ్లి చెయ్యకూడదని శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. చట్టం మంచిదే. కానీ మనవాళ్లు ఊరుకుంటారా? ఊళ్లో చేస్తే జరిమానా, జైలూ. ఏరు దాటితే ఆ చట్టం చెల్లదు. ఇంకేం, ముహూర్తాల రోజులొస్తే పెళ్లివారంతా యానాం దారి పట్టేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. అమ్మ 1924లో పుట్టింది, 1934లో పెళ్లి. నాన్నకు పదిహేడు. పెళ్లి ముచ్చట్లు చెప్పమంటే, "పడవలో నిద్రపోయాను, లేచేసరికి మెడలో తాళి ఉంది" అనేది. అందులో వేళాకోళం ఎంతో, నిజం ఎంతో! చట్టం ఎందుకొచ్చిందో ఆలోచించిన పెద్దమనిషి ఒక్కడు లేడు గానీ, దాన్ని తప్పించుకునే రేవు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు.

పెళ్లయి ఇంటికొచ్చాక పెట్టిన విందుకు కాకినాడ చుట్టాలు రైల్లో కోటిపల్లి దాకా వచ్చి, అక్కడ రేవు దాటి ముక్తేశ్వరంలో దిగి, బళ్ల మీద ముమ్మిడివరం పక్కనున్న మా ఊరు చేరారట. ఆ రైలు ఎంతోకాలం నిలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడి, ఇనుము కావాలని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ 2004లో గానీ కోటిపల్లికి రైలు రాలేదు. అప్పటికి అమ్మకు ఎనభై. ఆ కబురు విని ఏమందో తెలుసా? "చూశారా, అరవై ఏళ్లు దాటాకైనా సర్కారువారు పట్టాలు తిరిగి వేశారు. మా తోడికోడలు పట్టుకెళ్లిన జల్లెడ మాత్రం ఇంకా రాలేదు."

అదీ మా అమ్మ. మీకు తాతమ్మ. అక్షరం ముక్క రాదు, కాగితం మీద వేలిముద్రే. లెక్క మాత్రం తప్పేది కాదు.

పద్నాలుగేళ్లకు కాపురానికి వచ్చింది. మా నాయనమ్మ గుమ్మంలో హారతిచ్చి, లోపలికి తీసుకెళ్లి ముందుగా చూపించింది సామాన్ల గది తాళంచెవుల గుత్తి. చూపించింది, ఇవ్వలేదు. ఆ గుత్తి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే. చారెడు చింతపండు కావాలన్నా, నాలుగు ఎండుమిరపకాయలు కావాలన్నా కోడలు వెళ్లి ఆవిడ ముందు నిలబడాలి. ఆవిడ లేచి, గొణుక్కుంటూ తాళం తీసి, కావలసినంత ఇచ్చి, మళ్లీ తాళం వేసేది. స్నానానికి వెళ్లినా గుత్తి వెంటే. "నేనైతేనా, కోడలొచ్చిన రోజే తాళాలు చేతిలో పెడతాను" అని అమ్మ పొయ్యి దగ్గర మాతో ఎన్నిసార్లందో! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

కొలతలంటే మీకు కిలోలూ లీటర్లే కదా. మాకు నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. పొద్దున్నే అమ్మ అరుగు మీదకొచ్చి ఒకసారి చూసి వెళ్లేది. పాలేరు వచ్చాడా, చాకలి వస్తాడా, పక్కూరి మావయ్య రాత్రి ఉండిపోయాడా, అన్నీ ఆ చూపులోనే తేలిపోయేవి. మనిషికో సోల చొప్పున బియ్యం చేటలో పోసి, చివర్న ఇంకో సోల పోసేది. అది వచ్చేవాళ్లది. ఎవరొస్తారు? ఎవరో ఒకరు. రేవు తప్పిపోయినవాళ్లు, కోర్టు పనిమీద అమలాపురం వెళ్లి చీకటిపడ్డవాళ్లు, అసలేపనీ లేక మా నాన్నతో చుట్ట కాల్చుకోవడానికొచ్చి భోజనాలవేళ దాకా కదలనివాళ్లు. ఈ మూడో రకమే ఎక్కువ. ముందు కబురంపి చుట్టాలింటికి వెళ్లడం మా రోజుల్లో అమర్యాద, పరాయివాళ్లమని చెప్పుకున్నట్టు. మీరేమో గుమ్మంలో నిలబడి కూడా, రావచ్చా అని ఫోను చేస్తారు! ఎవరూ రాకపోతే ఆ సోలెడన్నం పారెయ్యరు. రాత్రి నీళ్లు పోసి ఉంచితే పొద్దున మాకు చద్దన్నం. పైన గడ్డపెరుగు, పక్కన ఆవకాయబద్ద. ఎవరూ రాకూడదని మేం పిల్లలం లోపల్లోపల దణ్ణాలు పెట్టుకునేవాళ్లం.

తను మాత్రం అందరూ తిని లేచాక కూర్చునేది. కూర మిగిలితే కూర, లేకపోతే ఊరగాయ ఊట. అన్ని లెక్కలొచ్చిన మనిషి, ఆ మనిషికో సోలలో తనను కలుపుకునేదో లేదో నాకిప్పటికీ అనుమానమే.

ఇంక అసలు లెక్క సంగతి చెబుతాను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. నాకప్పుడు పదేళ్లు. అంతవరకూ రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానులు. యుద్ధకాలపు చిల్లుకానీలని ఉండేవి, నడిమధ్య బెజ్జంతో. మా తమ్ముడి మొలతాడుకి అమ్మ రెండు కట్టింది, వాడు పరిగెడితే గలగలమనేవి. ఏం చెబుతున్నాను? ఆఁ, నయాపైసలు. రూపాయికి వంద అన్నారు. పావలాకు పాతిక, బాగానే ఉంది. మరి అణాకు? ఆరుంపావు. పావు నయాపైసా ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని సర్కారువారు ఒక పట్టీ వేశారు. అణాకు ఆరు, బేడకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవై అయిదు. శెట్టిగారు ఆ పట్టీ కొట్టు తలుపుకి అంటించుకున్నాడు. మా పెద్దన్నయ్య చదివొచ్చి ఇంట్లో ఒప్పజెప్పాడు. అమ్మ పప్పు రుబ్బుతూ విన్నది. రుబ్బురోలు ఆగింది. "మళ్లీ చెప్పు" అంది.

సాయంత్రం నన్ను పిలిచి ఆరు నయాపైసలు చేతిలో పెట్టి అణా బెల్లం తెమ్మంది. తెచ్చాను. ఇంకో ఆరు పెట్టి మళ్లీ పొమ్మంది. వెళ్లాను. పావలా బెల్లం ఒక్కసారే కొంటే ఇరవై అయిదు, అణా చొప్పున నాలుగుసార్లు కొంటే ఇరవై నాలుగు. అర్థమైందా? పట్నంలో చదువుకున్నవాళ్లు, ఇంత ఆలస్యమేమిటర్రా! పైగా కొట్లో ఏది కొన్నా చివర్న కొసరు పెట్టడం ఆనవాయితీ. నాలుగుసార్లు కొంటే నాలుగు కొసర్లు. ఆ కొసరు దారిలోనే నా నోట్లోకి పోయేది కనక నాకూ తిరగడానికి అభ్యంతరం లేకపోయింది. నాలుగోసారి వెళ్లేసరికి శెట్టిగారు త్రాసు కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు. "పాపా, మీ అమ్మగారికి నా దండాలు చెప్పు. రేపట్నుంచి మీ ఇంటికి పావలా సరుకు ఇరవై నాలుక్కే ఇస్తాను. ఈ తూచడం నావల్ల కాదు."

ఒక్క నయాపైసా! దాంతో మేడలేం కట్టలేదు. కానీ ఆ రాత్రి అమ్మ ముఖం చూడాలి మీరు. పట్టీ వేసిన సర్కారుకి కనపడని కంత తనకు కనపడింది కదా, ఆ సంతోషం.

మనవల విషయంలోనూ లెక్కే. వేసవి సెలవులకు మా అప్పచెల్లెళ్లం పిల్లల్ని వేసుకుని దిగేవాళ్లం. రాత్రి హాల్లో చాపలు పరిచి పిల్లల్ని వరసగా పడుకోబెట్టి, దీపం తగ్గించే ముందు తలలు లెక్కపెట్టేది. ఒక తల తక్కువైతే అటకమీద కొబ్బరుండల డబ్బా దగ్గర వెతకమనేది. ఇక ప్రతి మనవణ్ణీ విడివిడిగా వంటింటి మూలకు పిలిచి, "నీకొక్కడికేరా, ఎవరికీ చెప్పకు" అని కొబ్బరుండ చేతిలో పెట్టేది. మీ నాన్నకు యాభై దాటాయి, ఇప్పటికీ తనొక్కడికే దక్కిందనుకుంటున్నాడు. చెప్పకండర్రా, ఈ వయసులో మనసు కష్టపెట్టుకుంటాడు.

1996 నవంబరు 6 తుపానుకి కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి కదా. తెల్లవారి అమ్మ దొడ్లోకి వెళ్లి పడిన చెట్లన్నీ లెక్కపెట్టింది. ఇది పెద్దాడు పుట్టిన ఏడు వేసింది, ఇది మావగారు పోయిన ఏడు వేసింది అని ఒక్కొక్కదాన్ని తడుముతూ. మావైపు కొబ్బరిచెట్టును పెద్దకొడుకంటారు. "ఇంతమంది పెద్దకొడుకులు పోయారు, కన్న పెద్దకొడుకు విశాఖపట్నం నుంచి ఇంకా కదల్లేదు" అని ఒకటే సణుగుడు. దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి, అన్నయ్య మాత్రం ఏం చేస్తాడు! మూడోనాటికి బురదలో నడుచుకుంటూ వచ్చాడు. తిట్టడానికని నోరు తెరిచి, "కాళ్లు కడుక్కో, నీ సోల పోసే ఉంచాను" అంది.

ఇందాక ఒక మాట గుర్తుపెట్టుకోమన్నాను, ఎంతమందికి గుర్తుంది? తాళాలు. 1964లో నాయనమ్మ పోయింది. నలభయ్యో ఏట గుత్తి అమ్మ చేతికొచ్చింది. రెండేళ్లకు చిన్నన్నయ్య పెళ్లయి వదిన వచ్చింది. తాళాలిచ్చిందా? "చిన్నపిల్ల, ఎక్కడో పారేస్తుంది" అంది. ఆ చిన్నపిల్లకు పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి, గుత్తి అమ్మ బొడ్లోంచి కదల్లేదు. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దలు ఊరికే అనలేదు. నేనొకసారి ఉండబట్టలేక, "పొయ్యి దగ్గర ఏమనేదానివమ్మా?" అనడిగాను. "ఎవరు, నేనా? ఎప్పుడు?" అంది. ఎన్నడో కొన్న బెల్లానికి లెక్క చెప్పే మనిషికి ఆ ఒక్క మాటా గుర్తులేదు!

2011లో ఎనభై ఏడో ఏట పోయింది. కర్మకాండలయ్యాక వదిన ఏడుస్తూనే గుత్తి బొడ్లో దోపుకుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, ఆ గదిలో ఏం దాచావు వదినా అని తీయించి చూశాను. కాలు విరిగిన మంచం, ఖాళీ గ్యాస్ బండ, మూతలేని జాడీలు రెండు. పప్పులూ ఉప్పులూ ఎప్పుడో వంటింటి అలమరాలోకి వచ్చేశాయి. చూసి బయటికి రాగానే వదిన మళ్లీ తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుంది. హైదరాబాదు నుంచొచ్చిన ఆవిడ కోడలు నావైపు తిరిగి చిన్నగా అంది: "నేనైతే అసలు తాళమే వెయ్యను పిన్నిగారూ."

చూద్దాం.