థేమ్స్ గట్టున చేపల దీపాలు

వీధి దీపాల స్తంభాలు ఎలా ఉండాలన్నది 1870లో లండన్ పత్రికలకెక్కిన వ్యవహారం. థేమ్స్ ఒడ్డున కొత్తగా కట్టిన గట్టు మీద నిలబెట్టడానికి తయారైన నమూనాలను ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ బొమ్మలతో సహా అచ్చువేసింది. ఫొటోలు అచ్చువేసే వీలు ఇంకా రాని కాలమది. బొమ్మ చెక్కించి పేజీలోకి ఎక్కించడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. దీపపు స్తంభాల కోసం అంత శ్రమ పడ్డారంటే, రోజూ తాము నడవబోయే దారి పక్కన ఏం నిలబడుతుందో తెలుసుకోవాలని ఆ ఊరివాళ్ళకు ఉండేదన్నమాట. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ ఎంపిక తాలూకు స్తంభాలు అక్కడ వెలుగుతూనే ఉన్నాయి.

ఆ గట్టు పుట్టిందే మురుగు నుంచి. 1858 వేసవిలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటు సభ్యులే అల్లాడిపోయారు. నగరమంతటి మురుగూ నేరుగా నదిలో కలుస్తుండేది. దాన్ని మధ్యలోనే అడ్డగించి ఊరి తూర్పు దిక్కుకు మళ్ళించే పని మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ చీఫ్ ఇంజినీరు జోసెఫ్ బాజల్‌జెట్ చేతికొచ్చింది. వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా నదిని కొంత లోపలికి నెట్టి, గ్రానైటు గోడ కట్టి, సుమారు 37 ఎకరాల నేల సంపాదించాడు. ఆ నేల కింద మురుగు సొరంగం, గ్యాసు, నీటి గొట్టాలకు వేరే సొరంగం, పక్కనే భూగర్భ రైలు మార్గం. ఇవేవీ పైకి కనిపించవు. జనానికి కనిపించేది విశాలమైన రోడ్డు, చెట్లు, గోడ, గోడ మీద దీపాలు. ఇంత పెద్ద పనికి జనం ఎదుట నిలిచే ముఖం ఈ నాలుగే కాబట్టి దీపాల విషయంలో అంత పట్టింపు వచ్చింది. 1870 జూలై 13న వేల్స్ యువరాజు ఈ విక్టోరియా గట్టును ప్రారంభించాడు.

పోటీపడిన నమూనాల్లో రెండింటి గురించి వివరంగా చెప్పుకోవాలి.

మొదటిది జార్జ్ వుల్యామీది. గడియారాల తయారీలో తరతరాలుగా పేరున్న ఇంట్లో పుట్టాడు. పార్లమెంటు భవనం రూపకర్త చార్లెస్ బారీ దగ్గర పని నేర్చుకుని, యౌవనంలో ఇటలీ, గ్రీసు, ఈజిప్టు తిరిగి, 1861 నుంచి బోర్డుకు ఆర్కిటెక్టుగా ఉన్నాడు. రోమ్‌లోని పియాజా దెల్ పోపోలో కూడలిలో సముద్రదేవుడు నెప్ట్యూన్ పేరిట ఒక ఫౌంటెన్ ఉంది. అందులోని చేపల రూపాన్ని లండన్ స్తంభాలకు తీసుకొచ్చాడు. చార్లెస్ మేబీ అనే శిల్పి దాన్ని నమూనాగా మలిచాడు. స్తంభం అడుగున రెండు పెద్ద చేపలు తల కిందికి పెట్టి, నోళ్ళు తెరుచుకుని, గుడ్లురిమి చూస్తుంటాయి. వాటి తోకలు స్తంభాన్ని చుట్టుకుంటూ పైకి పాకుతాయి. పైన గుండ్రటి గాజు దీపం. డాల్ఫిన్ దీపాలని పేరే గాని ఒంటి నిండా పొలుసులుండే ఈ జీవి ఏ సముద్రంలోనూ దొరకదు. మన గుళ్ళ తోరణాల మీది మకరం లాంటిదే ఇదీ. నీటి బలాన్నంతా ఒక ఒంటిలో పోగేసి శిల్పులు కల్పించుకున్న ప్రాణి.

రెండోది టిమొతీ బట్లర్ అనే శిల్పిది. కోల్‌బ్రుక్‌డేల్ కంపెనీ కోసం చేశాడు. 1709లో ఏబ్రహాం డార్బీ బొగ్గు నుంచి తీసిన కోక్‌తో ఇనుము కరిగించి చూపించింది కోల్‌బ్రుక్‌డేల్ ఊళ్ళోనే. ప్రపంచంలో మొట్టమొదటి పోత ఇనుము వంతెన 1779లో లేచిందీ ఆ దగ్గర్లోనే. అలాంటి చోటి నుంచి వచ్చిన నమూనా మామూలుగా ఎందుకుంటుంది? ఇద్దరు బాలురు స్తంభాన్ని పట్టుకుని పైకెక్కుతుంటారు. ఒకడి చేతిలోని కాగడాను రెండోవాడు అందుకోబోతుంటాడు. పనితనంలో దీనికి వంక పెట్టలేం. విడిగా ఒక్కదాన్నే చూస్తే చేపల స్తంభం కంటే ఇదే ఎక్కువ కట్టిపడేస్తుంది.

గట్టు మాత్రం చేపలకే దక్కింది. నా మటుకు అది సరైన తీర్పు. కాగడా పిల్లల స్తంభం ఒక కథ చెబుతుంది. అదే కథ పదిసార్లు, నలభైసార్లు, రెండు కిలోమీటర్ల పొడవునా వరసగా ఎదురైతే నడిచేవాడికి విసుగొస్తుంది. ఎక్కే పిల్లలు ఎప్పటికీ పైకి చేరరన్న సంగతి రెండో స్తంభం దగ్గరే తెలిసిపోతుంది. చేపల్లో కథ లేదు, లయ ఉంది. మలుపు తిరిగే నది వెంట అవి వరసగా నిలబడితే ఒకదాని తోక దగ్గర చూపు ఆగి, మళ్ళీ పక్కదాని మీదికి జారుతుంది. వరసలో పెట్టే స్తంభాన్ని వరసలోనే ఊహించుకుని ఎంచుకోవాలన్న మెళకువ ఇందులో ఉంది.

బట్లర్ ఉత్త చేతులతో వెళ్ళలేదు. అదే గోడకు నది వైపున, నోట్లో పడవలు కట్టే కడియాలు కరచుకున్న కంచు సింహాల తలలు కనిపిస్తాయి. అవి అతను చేసినవే. ఆ సింహాలు నీళ్ళు తాగితే లండన్ మునుగుతుందని అక్కడి జనం చెప్పుకుంటారు. అతని కాగడా స్తంభాలు కూడా కొన్ని తర్వాత చెల్సీ గట్టు మీద చోటు సంపాదించుకున్నాయి. తక్కువే ఉండటంతో అక్కడ ఎంతో బాగా అమరాయి.

ఇంత అలంకారం అన్ని స్తంభాల మీద ఎలా సాధ్యమైంది? పోత ఇనుము వల్ల. కొయ్యతోనో ప్లాస్టరుతోనో ఒక మూస చేసి, దాన్ని తడి ఇసుకలో నొక్కి, ఏర్పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. కష్టమంతా మొదటి మూసలోనే. చేప పొలుసు ఒక్కసారి చెక్కితే చాలు, అదే మూసతో ఎన్నైనా పోయవచ్చు. సుత్తితో కొట్టి వంచే ఇనుముతోనైతే ప్రతి స్తంభానికీ కమ్మరి మళ్ళీ మొదటి నుంచీ పనిచేయాలి. పోత ఇనుము బరువును బాగా మోస్తుంది, వంపును ఓర్చుకోదు, దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. అందుకే పాతకాలపు స్తంభాల అడుగు అంత లావుగా ఉంటుంది. లోపలి బోలు గుండానే గ్యాసు గొట్టం పైకి వెళ్ళేది. పాత గ్యాసు స్తంభాలు చాలావాటికి దీపం కింద అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దీపాలు వెలిగించేవాడు నిచ్చెన ఆనించుకోవడానికి పెట్టింది అది. అలంకారమని మనం అనుకునే వాటిలో ఇలా పనికొచ్చేవి చాలానే ఉన్నాయి.

లండన్‌లో గ్యాసు వెలుతురును 1807లో ఫ్రెడరిక్ విన్సర్ పాల్‌మాల్ వీధిలో జనానికి చూపించాడు. విక్టోరియా గట్టు నాటికి గ్యాసు పాతబడుతున్న విద్య. గట్టు తెరిచిన ఎనిమిదేళ్ళకే, 1878 డిసెంబరులో, అక్కడ కొంతమేర విద్యుత్ దీపాలు వెలిగాయి. రష్యన్ ఇంజినీరు యబ్లోచ్‌కోవ్ కనిపెట్టిన ‘కొవ్వొత్తులు’ అవి. రెండు కర్బన కడ్డీలను పక్కపక్కన నిలబెట్టి మధ్య ప్లాస్టరు నింపుతారు. కొసల మధ్య విద్యుత్తు దూకి కళ్ళు చెదిరే తెల్లటి వెలుగు పుడుతుంది. కడ్డీలు అరుగుతున్నకొద్దీ ప్లాస్టరూ కరిగిపోతుంది. గంటన్నర, రెండు గంటల్లో మొత్తం కాలిపోతుంది. అంటే ఒక్కో దీపంలో కొన్ని కొవ్వొత్తులు సిద్ధంగా ఉంచి, ఒకటి అయిపోగానే ఇంకోదానికి మార్చాలి. ఖర్చులో గ్యాసుతో పోటీపడలేక 1884లో ఆ ప్రయోగం ఆగింది. మళ్ళీ గ్యాసే వచ్చింది. ఆ తర్వాత విద్యుత్తు స్థిరపడింది. లోపలి మంట ఇన్నిసార్లు మారినా స్తంభం మారలేదు. దీపం ఆయుష్షు వేరు, స్తంభం ఆయుష్షు వేరు. కొనేటప్పుడు ఈ రెండింటినీ ఒకే సరుకుగా లెక్కగట్టే పురపాలక సంఘాలు ఈ ఒక్క సంగతిని గమనించినా ఎంతో మేలు.

దీనికి పూర్తి భిన్నమైన కథ స్పెయిన్‌లోని బార్సిలోనాది. 1878లో ఆ నగరపాలక సంస్థ అప్పుడే చదువు పూర్తవుతున్న కుర్రాడికి దీపస్తంభాల పని అప్పగించింది. అతని పేరు ఆంటోనీ గౌడీ. రాతి పీఠం మీద ఇనుప స్తంభం, ఆరు చేతులు, శిఖరాన వర్తకులకు దేవుడైన హెర్మిస్ రెక్కల శిరస్త్రాణం, రెండు పాములు చుట్టుకున్న అతని దండం. బార్సిలోనా వర్తకుల రేవు కాబట్టి ఆ దేవుడు అక్కడ సొంతింటివాడే. 1879లో ప్లాసా రియాల్ అనే చౌకులో రెండు నిలబెట్టారు. మూడు చేతులవి మరికొన్ని తర్వాత వేరే చోట పెట్టారు. నగరమంతా నాటాలన్న ఆలోచన మాత్రం ముందుకు సాగలేదు. నాకందులో విచారించాల్సింది కనిపించదు. చౌకులో, ఫౌంటెన్‌కు అటూ ఇటూ నిలబడటానికే పుట్టిన రూపం అది. అదే ఊరిలో పసేజ్ ద గ్రాసియా వీధిలో మరో ముచ్చట ఉంది. మునిసిపల్ ఆర్కిటెక్టు పెరె ఫాల్కెస్ 1906లో అక్కడ దీపాన్నీ బెంచీనీ ఒకే వస్తువుగా చేశాడు. పగిలిన పెంకులతో పొదిగిన తెల్లటి అరుగు మీద కూర్చుంటే తల మీదుగా ఇనుప కొమ్మ వంగి దీపం పడుతుంది. వీటిని చూసినవాళ్ళు చాలామంది గౌడీవేనని పొరబడుతుంటారు. ఫాల్కెస్ పేరును తలుచుకుని ఆ బెంచీ మీద కూర్చోవడం న్యాయం.

దీపానికి స్తంభం కట్టి గౌరవించడం మనకు కొత్తేమీ కాదు. గుడి ముందు దీపస్తంభం, కార్తీకంలో ధ్వజస్తంభం మీదికి ఎక్కే ఆకాశదీపం తెలియని తెలుగు ఊరు అరుదు. అయినా మన చెరువుగట్ల మీదా బీచ్‌రోడ్ల మీదా ఇప్పుడు నల్లరంగు వేసి బంగారు పూత అద్దిన విక్టోరియా కాలపు స్తంభాల నకళ్ళే తరచు కనిపిస్తాయి. క్యాటలాగులో ఉన్నవి, ఎక్కడైనా ఒకటే. థేమ్స్ చేపలు ఆ నది కోసం ఎంచినవి. వాటి నీడ మన గట్ల మీద పడటం వల్ల మన నీళ్ళకు ఒరిగేదేమీ లేదు.

అలాగని స్థానికత పేరుతో ఓరుగల్లు తోరణాన్ని ప్రతి డివైడరు మీదా అతికిస్తే అదీ క్యాటలాగు సరుకే అవుతుంది. ఆ తోరణం కొసన ఉన్న హంసలు భద్రకాళి చెరువు గట్టుకు అందమిస్తాయి. ఆరు వరసల రహదారిలో వాటిని చూసే తీరిక ఎవరికి? అలంకార స్తంభం నడిచేవాళ్ళది. పది పన్నెండు అడుగుల ఎత్తులో, కాలిబాట పక్కన, చేత్తో తడిమేంత దగ్గరలో ఉండాలి.

మన వీధి సంగతులు కూడా లెక్కలోకి రావాలి. నిలబెట్టిన నెలకే ఫ్లెక్సీలు కట్టేస్తారు, కేబుల్ టీవీ తీగలు చుట్టేస్తారు. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది, జింకు పూత లేనిదే నిలవదు. వరద వచ్చే చోట స్తంభం అడుగున వైర్ల పెట్టె ఉంటే కరెంటు షాకుతో ప్రాణాలే పోవచ్చు, ఆ తలుపు నీటిమట్టానికి పైన ఉండాలి. గుండ్రటి గాజు బుగ్గల్లోంచి సగం వెలుతురు ఆకాశానికి పోతుంది. పైకప్పు ఉన్న దీపమైతే నేల మీద పడుతుంది. ఎల్‌ఈడీ వెలుగు 3,000 కెల్విన్ లేదా అంతకంటే తక్కువైతే కంటికి వెచ్చగా ఉంటుంది, పక్షులకూ పురుగులకూ హాని తగ్గుతుంది.

కొనేముందు ఒకటి రెండు నమూనా స్తంభాలను అనుకున్న చోటనే నిజమైన కొలతల్లో నిలబెట్టి, కొన్ని వారాలు పగలూ రాత్రీ జనాన్ని చూడనివ్వాలి. టెండరులో ఇంకో షరతు కూడా రాయాలి: పోత పోసిన మూస పురపాలక సంఘం సొత్తుగా ఉండాలని. లండన్‌లో 1910లో గట్టును పొడిగించినప్పుడు అవే చేపలను మళ్ళీ పోశారు. 1960లలో, 1977లో నది ఆవలి ఒడ్డున నడకదారికీ అవే వచ్చాయి. మన దగ్గర లారీ గుద్దితే ఒక స్తంభం విరుగుతుంది, కంపెనీ అప్పటికే ఆ డిజైను మానేసి ఉంటుంది, ఆ ఖాళీలో వేరే రకం స్తంభం వచ్చి నిలబడుతుంది. మూస మన గోడౌనులో ఉంటే దగ్గర్లోని ఏ పోత కార్ఖానా అయినా వారం పది రోజుల్లో సరిగ్గా అదే స్తంభం పోసిస్తుంది.