కూర్మనాథుడూ, శాక్తేయుడి త్రిశూలమూ

చందమామ ధారావాహికలు మూఢవిశ్వాసాలను పెంచాయనీ, వాటిని పిల్లల చేతుల్లోంచి లాగివెయ్యటం అభ్యుదయవాదుల కర్తవ్యమనీ అనేవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. మొన్న శ్రీకూర్మంలో మా విద్యార్థుల మధ్య ఈ చర్చే వచ్చింది. ఆ ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం (1932-2010) హేతువాది. 1952 నుంచి 1980లో మరణించేవరకూ ఆ పత్రిక సంపాదక భారం మోసిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. ఈ సంగతి చెప్పగానే ఒక విద్యార్థి, "అయితే పొట్టకోసం రాశారన్నమాట" అని తేల్చేశాడు. పొట్టకోసం రాసినమాట నిజమే. ధారావాహికల మీద దాసరి పేరైనా అచ్చుపడేది కాదు. కాని పొట్టకోసం చేసిన పనిలో మనిషి ఆలోచన కనిపించదనటం ఎక్కడి మార్క్సిజం?

మంత్రాలకు చింతకాయలు రాలవని మన పల్లెవాళ్ళకు ఏనాడో తెలుసు. తెలిసీ మాంత్రికుడి కథ విన్నారు. కనుక కథలో మాయాశక్తి ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు. ఆ శక్తి ఎవరి చేతిలో ఉంది? దానితో ఏ తగాదా తీరింది? విమర్శకుడు అడగవలసింది ఇది.

ఇలా అడగటానికి శ్రీకూర్మం మంచి చోటు. ఇక్కడి స్వామి రాతి తాబేలు, ముఖం పడమటికి. గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఒకప్పుడు ఇది శివాలయమని జనంలో ఒక మాట ఉంది. వైష్ణవులు చెప్పుకునే కథ ఇంకొకటి. రామానుజుడు పూరీలో అర్చనా పద్ధతిని మార్చబోయాడు. అక్కడి సేవకులు జగన్నాథుడితో మొరపెట్టుకున్నారు. స్వామి నిద్రలో ఉన్న ఆచార్యుణ్ణి రాత్రికి రాత్రి తెచ్చి శ్రీకూర్మంలో పడవేయించాడు. తెల్లవారి చూస్తే ఎదుట శివలింగం! ఆచార్యుడు పస్తున్నాడు. అది లింగం కాదు, కూర్మమని స్వామి కలలో చెప్పాడు. అక్కడినుంచి వైష్ణవార్చన.

ఈ కథలో గాలిలో ప్రయాణం చూసి నవ్వి ఊరుకుంటే మనకు దక్కేదేమీ లేదు. తగాదా చూడండి. గుడిలో పూజ ఎవరి పద్ధతిలో జరగాలి, అంటే గుడిమీద అధికారం ఎవరిది? పూరీలో పాతవాళ్ళు నెగ్గారు, శ్రీకూర్మంలో కొత్తవాళ్ళు నెగ్గారు. ఒకే దేవుడు పూరీలో ఒక తీర్పూ, శ్రీకూర్మంలో దానికి విరుద్ధమైన తీర్పూ ఇచ్చాడు! దీపాలకూ నైవేద్యాలకూ దానాలు రాయించుకున్న శాసనాలు ఈ గుడి స్తంభాలనిండా ఉన్నాయి. అవి చదివినవారికి ఆ అధికారం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక దాసరి కథలకు వద్దాం. 1954లో మొదలైన 'తోకచుక్క'లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికులు ధనరాశులకోసమూ, శాక్తేయుడి త్రిశూలంకోసమూ కొట్టుకుంటారు. ఇక్కడ శక్తి దైవానుగ్రహం కాదు, చేతులు మారే వస్తువు. ఎవరి చేతికి చిక్కితే వాడిది. మాంత్రికుడు కేకవేస్తాడు, పని చేసేది గుడ్లగూబ, నరవానరం. (వెట్టిచాకిరీని ఎరిగిన పల్లెటూరి పిల్లవాడికి ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు.) తగాదా తీర్చటానికి దేవుడు దిగి రానవసరం లేదు, సేనాని సమరసేనుడు భయపడుతూనే ఆలోచించి బయటపడే మార్గం వెతుక్కుంటాడు. పురాణకథ అధికారానికి దైవసాక్ష్యం తెస్తే, దాసరి కథ అధికారాన్ని దేవుడినుంచి విడదీసి చూపింది. దీన్ని మూఢత్వమనటం నాకు అన్యాయంగా కనబడుతుంది.

అయితే నా సమర్థనకు ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవెయ్యలేను. మధ్వాచార్యుని శిష్యుడు నరహరితీర్థుడు గాంగుల కాలంలో కళింగ రాజ్యపాలన చూసినవాడు. శ్రీకూర్మంలో యోగానంద నరసింహుడికి గుడి కట్టించినట్టు 1281 నాటి ఆయన శాసనం ఇక్కడ ఉంది. శబరుల దాడినుంచి ఈ క్షేత్రాన్ని కాపాడినవాడని ఆయనకు కీర్తి. గరుత్మంతుడు రాలేదు, చక్రం తిరగలేదు. కాపాడింది సన్యాసి నడిపిన రాజ్యబలం. దేవుడు లేకుండానే నడిచిన కథ ఇది. అయినా కొండజనం మాత్రం దాడిచేసే మూకగానే మిగిలారు. దాసరి ధారావాహికల్లో అడవి తెగలకూ, వాళ్ళ వింత దేవతలకూ తరచు దక్కిన చోటు దీనికి ఎంతో దూరంలో లేదు. నాయకుడు మైదానంనుంచే వెళతాడు. అడవి అతని సాహసానికి రంగస్థలం. దేవుణ్ణి తీసేసిన హేతువాది కూడా ఈ ఏర్పాటును కదిలించలేదు. 1967లో లేవిడి కాల్పులూ, ఆ తర్వాతి సంవత్సరాలూ చూసిన జిల్లాలో ఈ మాట అనకుండా ఉండటం నావల్ల కాదు.

ఆ రోజు చర్చలో సవర విద్యార్థి ఒకడు చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, చివరికి అడిగాడు: "ఏమండీ, మావాళ్ళు ఎందుకు వచ్చారట?"

శాసనం కాపాడినవాడిని పొగడటానికి వేయించినదని చెప్పాను. అతనికి తృప్తి కలగలేదు, నాకూ కలగలేదు. సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి సవరల పాటలనూ కథలనూ వాళ్ళ నోటినుంచే విని రాసుకున్నాడు. వచ్చే సమావేశంలో వాటితో మొదలుపెడదామని అనుకున్నాం. ఒక కథ తన తాతనడిగి రాసుకొస్తానని ఆ కుర్రవాడే ఒప్పుకున్నాడు.