బాయిన్ వంతెన: రివెట్టు నుంచి వెల్డింగు దాకా

డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు రైల్లో వెళ్ళే మనవాళ్ళందరూ డ్రోహెడాలో బాయిన్ నది దాటుతారు. కిటికీలోంచి నది, రేవు కనిపిస్తాయి గానీ మనల్ని మోస్తున్న వంతెన సరిగ్గా కనిపించదు. దాని కథ మాత్రం రాజమండ్రి వాళ్ళకి కొత్తగా అనిపించదు.

1844లో డబ్లిన్ నుంచి డ్రోహెడాకు రైలు వచ్చింది. తరువాత ఉత్తరం నుంచి వచ్చిన పట్టాలూ నది దగ్గరే ఆగిపోయాయి. ప్రయాణికులు మూటాముల్లెతో దిగి, ఊరు దాటి అవతలి గట్టున మరో రైలెక్కేవారు. 1900లో హేవలాక్ వంతెన తెరిచేదాకా మనం గోదావరిని పడవల మీద దాటలేదూ, అలాగే. సర్ జాన్ మెక్‌నీల్ రూపకల్పన చేసిన బాయిన్ వంతెన పని 1855లో ముగిసింది. మధ్యలో ఒక స్తంభానికి గట్టి నేల తగలక, కాంట్రాక్టరు దివాలా తీశాడు. ఇరువైపులా పదిహేను రాతి కమానులు, నది మీద మూడు ఇనుప గర్డర్లు, కింద ఓడలు పోయేంత ఎత్తు. ఇనుప బద్దీలను జల్లెడలా అల్లి, ఏ బద్దీ మీద ఎంత భారం పడుతుందో ముందే లెక్కగట్టి కట్టిన తొలి పెద్ద వంతెనల్లో ఇదొకటి. కంప్యూటరు లేదు, కాల్‌క్యులేటరూ లేదు!

ఆ బద్దీలను కలిపినవి రివెట్లు. ఎర్రగా కాల్చిన రివెట్టును రంధ్రంలో పెట్టి, ఒకడు వెనకనుంచి అదిమి పడితే ఇంకొకడు సుత్తితో రెండో తల కొట్టేవాడు. చల్లారుతూ అది కుదించుకుపోయి రేకులను బిగించేది. బిగువు చూడాలంటే సుత్తితో తట్టి చప్పుడు వింటే చాలు. వదులైనది చెవికే తెలిసిపోయేది.

బరువైన రైళ్ళు వచ్చాక, 1932లో ఆ ఇనుము స్థానంలో ఉక్కు గర్డర్లు వేశారు. వాటినీ రివెట్లతోనే బిగించారు. అప్పటికే పోలండులో స్టీఫాన్ బ్రివా రూపొందించిన వెల్డింగు రోడ్డు వంతెన మౌజిత్సెలో నిలిచి ఉంది. మరి ఇక్కడి ఇంజనీర్లు పాతకాలపు మనుషులా? నాకలా అనిపించదు. 1938 మార్చిలో బెల్జియంలోని హాసెల్ట్ దగ్గర వెల్డింగు వంతెన కట్టిన రెండేళ్ళకే కూలింది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, అలలు కూడా లేని నీటిలో, స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు నౌక రెండుగా విరిగింది. రివెట్ల కట్టడంలో పగులు సాధారణంగా ఒక రేకు అంచున ఆగుతుంది. వెల్డింగులో రేకులన్నీ ఒకటే గనక, ఉక్కు పెళుసుదైతే, చలి తోడైతే, పగులుకు అడ్డే ఉండదు. పైగా లోపల దాగిన లోపం సుత్తికి పలకదు. ఎక్స్-రేలు, అల్ట్రాసౌండు పరీక్షలు, మెరుగైన ఉక్కు వచ్చాకే ఆ నమ్మకం కుదిరింది.

ఉద్యోగరీత్యా నేను వెల్డింగు, యంత్రభాగాల కంపెనీలకు వెళ్ళినప్పుడు మాటలు చివరికి ఇక్కడికే వస్తాయి. ఇప్పుడు రోబో ప్రతి అతుకుకూ వోల్టేజి, కరెంటు, వేగం రాసిపెడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2021 జూలైలో తెరిచిన పన్నెండు మీటర్ల స్టీలు కాలినడక వంతెనను అలాంటి రోబోలే పొర మీద పొర వెల్డు చేసి పోతపోసినట్టు తయారుచేశాయి. ఒంటినిండా సెన్సర్లు. డ్రోహెడాకు ఉత్తరాన, ఇదే రైలు దారిలో ఉన్న డండాక్‌లో ఇప్పుడు అధునాతన తయారీకి ప్రత్యేక శిక్షణ కేంద్రమే ఉంది.

అయితే అంకెలన్నీ సరిగ్గా ఉన్నా అతుకు చెడవచ్చు. రేకు మీద కాస్త నూనె, తుప్పు, తడి ఉంటే చాలు. అందుకే ఈ కంపెనీల్లో రోబో పక్కన ఇప్పటికీ చేయి తిరిగిన వెల్డరు కావాలి. అలాంటివాళ్ళు దొరకడం లేదన్నదే నేను ఎక్కువగా వినే ఫిర్యాదు. మన పిల్లల్లో కోడింగు చదివేవాళ్ళను లెక్కపెట్టలేం. వెల్డింగు నేర్చుకుంటానన్న పిల్లవాణ్ణి మాత్రం మన సభల్లో నేనింకా చూడలేదు.