హల్లెలూయ: చివరి అక్షరంలో పేరు

ఆదివారం చర్చిలో చప్పట్ల మధ్య ఎన్నిసార్లు అంటామో లెక్క ఉండదు. హల్లెలూయ హీబ్రూ మాట. ‘హల్లెలూ’ అంటే స్తుతించండి. నలుగురినీ పిలిచి చెప్పే బహువచనం. చివరి ‘యా’ సాక్షాత్తు దేవుని పేరే, నాలుగక్షరాల నామానికి పొట్టి రూపం. ఆ పూర్తి నామాన్ని యూదులు భయభక్తులతో పైకి పలకరు. ప్రార్థనలో చదువుతూ అక్కడికి రాగానే ‘అదోనాయ్’, అంటే ప్రభువు, అంటారు. పలకడానికే వెరచిన పేరు ఈ ఒక్క మాటలో ఎంత చనువుగా ఒదిగిపోయిందో! గ్రీకులో హకారం జారి ‘అల్లెలూయా’ అయింది. కథోలికులు అలాగే పాడతారు. తపస్సు కాలమంతా ఆ మాట ఎత్తకుండా ఉండి ఈస్టరు జాగరణ రాత్రి మళ్లీ అందుకుంటారు. ఈసారి పాడేటప్పుడు ఆ చివరి ‘య’ను తొందరలో మింగేయకండి.