మహామృగ చిత్రాల నేపథ్య సంగీతం: ఎలెక్ట్రిక్ గిటారు, సింఫనీ వాద్యబృందం, గంజాం మహురి

తెరపై మేడంత మృగం నడిచి వచ్చేటప్పుడు ప్రేక్షకుణ్ని వణికించేది బొమ్మ ఒక్కటే కాదు. శబ్దాన్ని పూర్తిగా తగ్గించి చూస్తే గాడ్జిల్లా అయినా, కింగ్ కాంగ్ అయినా సగం బలం కోల్పోతుంది. ఆ మిగిలిన సగాన్ని సమకూర్చేది నేపథ్య సంగీతం. మన సినిమావారు దీనినే రీరికార్డింగ్ అంటారు. గత కొన్ని దశాబ్దాలుగా ఇటువంటి చిత్రాల్లో సింఫనీ వాద్యబృందాన్ని, రాక్ సంగీతానికి చెందిన ఎలెక్ట్రిక్ గిటారును జంటగా వాడటం పెరిగింది. ఈ జంట వాద్యాల వెనుక ఉన్న సూత్రం గంజాం జిల్లావాసులకు కొత్తది కాదు. బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషం ముందు మోగే డోలు, మహురి అదే సూత్రాన్ని చాలాకాలంగా పాటిస్తున్నాయి.

ఆర్కెస్ట్రా అంటే ఏది?

ఇచ్ఛాపురం, చికిటి, పాత్రపురం ప్రాంతాల్లో ఆర్కెస్ట్రా అనగానే అమ్మవారి సంబరాల్లో వేదికపై సినిమా పాటలు పాడే బృందమే గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలో ఆ మాటకు అర్థం వేరు. వయొలిన్, చెల్లో, డబుల్ బాస్ వంటి తీగ వాద్యాలు, ట్రాంబోన్, ట్యూబా వంటి ఊదే వాద్యాలు, పెద్ద డోళ్లు కలిసి, రాసిన స్వరాలను చూసి వాయించే పాశ్చాత్య బృందమిది. ఇందులో పదుల సంఖ్యలో కళాకారులుంటారు. మైకు అవసరం లేకుండానే ఒక పెద్ద సభా మందిరాన్ని నాదంతో నింపగలగడం ఈ బృందం ప్రత్యేకత.

తొలి అడుగులు

1933లో వచ్చిన ‘కింగ్ కాంగ్’కు మాక్స్ స్టైనర్ సమకూర్చిన సంగీతం ఈ మార్గానికి పునాది వేసింది. తెరపై ఉన్నది చిన్న బొమ్మే అయినా, ఊదే వాద్యాల బరువు దానిని కొండంత చేసింది. 1954లో జపాన్‌లో ‘గాడ్జిల్లా’ వచ్చినప్పుడు సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబె మరో అడుగు ముందుకు వేశారు. మృగం గర్జన కోసం నిజమైన జంతువుల అరుపులు సరిపోలేదు. డబుల్ బాస్ తీగను వదులు చేసి, జిగురు పూసిన తోలు చేతొడుగుతో దానిని రుద్ది, ఆ శబ్దాన్ని మార్చి గర్జనగా వాడారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. శ్రావ్యంగా పలకవలసిన వాద్యాన్ని కావాలని గరుకుగా పలికించారు. మృగానికి పరిమాణం ఒక్కటే చాలదు, బొంగురు గొంతు కూడా కావాలని ఆనాడే తేలిపోయింది. ఆ గొంతు బాధ్యతను తరువాతి కాలంలో ఎలెక్ట్రిక్ గిటారు స్వీకరించింది.

గిటారు రాక

గిటారు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని యాంప్లిఫయరు మోయగలిగిన దానికంటే ఎక్కువగా పెంచితే నాదం పగులుతుంది. దీనిని డిస్టార్షన్ అంటారు. మొదట లోపంగా భావించిన ఈ గుణాన్నే రాక్ సంగీతకారులు తమ ముద్రగా మలచుకున్నారు. 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో డీప్ పర్పుల్ బృందం సింఫనీ వాద్యబృందంతో కలిసి, జాన్ లార్డ్ రాసిన సంగీతాన్ని ప్రదర్శించింది. 1999లో మెటాలికా బృందం శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో అటువంటి కచేరీలే చేసింది.

మహామృగ చిత్రాలూ ఈ బాట పట్టాయి. 1998 నాటి అమెరికన్ ‘గాడ్జిల్లా’ కోసం లెడ్ జెప్పెలిన్ వారి ‘కశ్మీర్’ బాణీని ఆధారం చేసుకొని గిటారిస్టు జిమ్మీ పేజ్, ర్యాప్ గాయకుడు పఫ్ డాడీ కలిసి ఒక పాట చేశారు. 2013లో వచ్చిన ‘పసిఫిక్ రిమ్’లో సముద్రం నుంచి లేచే మృగాలతో మహా యంత్రాలు తలపడతాయి. దానికి రామిన్ జవాదీ సంగీతం సమకూర్చగా, రాక్ గిటారిస్టు టామ్ మొరెల్లో గిటారు వాయించారు. 2019 నాటి ‘గాడ్జిల్లా: కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్’లో బేర్ మెక్‌క్రీరీ 1954 నాటి ఇఫుకుబె బాణీని తిరిగి వాడారు. బ్లూ ఆయిస్టర్ కల్ట్ బృందం 1977లో చేసిన ‘గాడ్జిల్లా’ అనే రాక్ పాటను సెర్జ్ టాంకియన్ గొంతుతో, వాద్యబృందంతో కొత్తగా రికార్డు చేశారు.

దక్షిణాదిన ఈ రెండు వాద్య సంప్రదాయాల మధ్య వంతెన కట్టిన వారిలో ఇళయరాజా ముఖ్యులు. సంగీత దర్శకుడు కాకముందు ఆయన గిటారు వాయించేవారు, జి.కె. వెంకటేష్ వద్ద సహాయకుడిగా పనిచేశారు. 1986లో కర్ణాటక, పాశ్చాత్య సంగీతాలను కలిపి ‘హౌ టు నేమ్ ఇట్’ వెలువరించారు. 2025 మార్చి 8న లండన్‌లో తన ‘వాలియంట్’ సింఫనీని ప్రదర్శించారు.

కలయిక ఎలా పనిచేస్తుంది?

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. డబుల్ బాస్ మంద్ర తీగ దాదాపు 41 హెర్ట్జ్‌ల వద్ద పలుకుతుంది. గిటారు మంద్ర తీగ దాదాపు 82 హెర్ట్జ్‌ల వద్ద, అంటే సరిగ్గా ఒక స్థాయి పైన పలుకుతుంది. కాబట్టి నేల అదిరే భాగాన్ని వాద్యబృందం మోస్తే, దానిపై పళ్లు కొరికే భాగాన్ని గిటారు మోస్తుంది. మొదటిది మృగం ఎంత పెద్దదో చెబుతుంది. రెండవది అది ఎంత దగ్గరగా ఉందో చెబుతుంది.

పగిలిన గిటారు నాదంలో అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా పలికే అనుస్వరాలు బలంగా ఉంటాయి. 82తో పాటు 164, 246, 328 హెర్ట్జ్‌లు కూడా మోగుతాయన్నమాట. సెల్‌ఫోను చిన్న స్పీకరు మంద్ర నాదాలను దాదాపు పలికించలేదు. అందుకే థియేటరులో గుండెను తాకిన డబుల్ బాస్ ఫోనులో మాయమవుతుంది, గిటారు మాత్రం నిలుస్తుంది. పై అనుస్వరాలు వినబడితే చాలు, కింద లేని ఆధార స్వరాన్ని మెదడు తానే ఊహించుకుంటుంది.

రాక్ గిటారిస్టులు ఎక్కువగా వాడే పవర్ కార్డ్ మన షడ్జమ పంచమాల జంటే. గాంధారం చేరిస్తే డిస్టార్షన్‌లో స్వరాలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని నాదం బురదగా మారుతుంది. స, ప మాత్రమే ఉంటే ఎంత పగిలినా స్పష్టత చెడదు. సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవారికి ఈ బలం తెలిసినదే.

చిక్కులూ లేకపోలేదు. వాద్యబృందం మెల్లగా మొదలై ఉప్పెనలా పెరగగలదు. డిస్టార్షన్ గిటారు మొదటి నుంచి చివరి వరకు దాదాపు ఒకే బిగ్గరతనంతో మోగుతుంది. రెండింటినీ ఒకేసారి వదిలితే గిటారు వయొలిన్లను మింగేస్తుంది. అందుచేత సాధారణంగా రెండింటినీ వేర్వేరుగా రికార్డు చేసి తరువాత కలుపుతారు. గిటారు నడిచేచోట చెల్లోలను పైకి జరుపుతారు, లేదా రెండింటి చేత ఒకే బాణీని వాయింపజేస్తారు. మృగం కనబడే క్షణానికి ముందు అన్నింటినీ ఆపి నిశ్శబ్దం ఉంచడం వీటన్నిటికంటే పాతది, నేటికీ పనిచేసేది.

‘కాంతార’ చూపిన దారి

2022 సెప్టెంబరు 30న కన్నడంలో, అక్టోబరు 15న తెలుగులో విడుదలైన ‘కాంతార’ మహామృగ చిత్రం కాకపోయినా ఈ చర్చకు ఎంతో దగ్గరిది. తుళునాడు దైవ కోలను, వరాహ రూపంలోని పంజుర్లి దైవాన్ని ఆధారం చేసుకున్న ఆ చిత్రానికి అజనీష్ లోక్‌నాథ్ సంగీతం సమకూర్చారు. ‘వరాహ రూపం’ పాటలో కర్ణాటక గానం, నాదస్వరం, ఎలెక్ట్రిక్ గిటారు ఒకే ప్రవాహమయ్యాయి. ఊరి దైవం ముందు మోగే వాద్యం గిటారు పక్కన నిలబడితే చిన్నబోదని లక్షలాది ప్రేక్షకులు విన్నారు.

ఆ పాటే మరో పాఠమూ నేర్పింది. అది తమ ‘నవరసం’ను పోలి ఉందని కేరళకు చెందిన థైక్కుడం బ్రిడ్జ్ బృందం ఆరోపించగా, చిత్రబృందం దానిని ఖండించింది. వివాదం కేరళ న్యాయస్థానాలకు చేరింది. రాక్‌తో సంప్రదాయాన్ని కలిపే పని ఎంత ఆకర్షణీయమో, ఎవరిది ఏ భాగమో తేల్చడం అంత కష్టమని ఆ ఉదంతం తెలిపింది.

గంజాం పులికి ఉన్న గొంతు

బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకసారి దాదాపు నెల రోజులు జరుగుతుంది. మొక్కుకున్నవారు నానా వేషాలు కడతారు. ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు పూసుకొని, తోక కట్టుకొని ఆడే బాఘ నాచ గంజాం జిల్లాకు పేరు తెచ్చిన కళ. శ్రీకాకుళం వైపు పులివేషానికి ఇది తోబుట్టువు.

ఆ ఆటకు డోలు నేలవంటిది. పులి అడుగు బరువు దాని నుంచే వస్తుంది. మహురి రెండు పలుచని నాలుకల మధ్య గాలి అదిరి పలికే వాద్యం, సన్నాయికి దగ్గరి చుట్టం. దాని నాదమూ అనుస్వరాలతో దట్టంగా ఉంటుంది కనుక ఎన్ని డోళ్లు మోగుతున్నా వాటిని చీల్చుకొని వీధి చివరి వరకు వినబడుతుంది. ‘పసిఫిక్ రిమ్’లో ఎలెక్ట్రిక్ గిటారు చేసిన పని ఇదే. తేడా ఏమిటంటే మహురికి యాంప్లిఫయరు అక్కరలేదు, మనిషి ఊపిరి చాలు.

పేరు నిలవాలంటే

నేడు పెళ్లి ఊరేగింపుల్లో, నిమజ్జనాల్లో డోలు మేళం స్థానాన్ని డీజే పెట్టెలు ఆక్రమిస్తున్నాయి. మరోవైపు సినిమా సంగీతం పల్లె వాద్యాలను వెతుక్కుంటోంది. ఒక వాద్య నాదాన్ని ఒక్కసారి రికార్డు చేసి కంప్యూటరులో దాచుకుంటే, ఆ తరువాత కీబోర్డు మీటతో ఎన్నిసార్లయినా పలికించవచ్చు. అప్పుడు వాయించిన మనిషి సంగతి ఏమిటన్నది సరిహద్దు పల్లెల మేళగాళ్ల కుటుంబాలకు తిండికి సంబంధించిన ప్రశ్న.

కాపీరైటు చట్టం, 1957 ప్రకారం వాద్యకారుడు కూడా ‘ప్రదర్శకుడే’. ఆయన హక్కులు 50 ఏళ్లపాటు ఉంటాయి. 2012 సవరణ తరువాత, తన ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు, ప్రదర్శకుడిగా తన పేరు చెప్పించుకునే హక్కు చట్టంలో చేరాయి. అయితే ఒక మెలిక ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగా లేదా అనుషంగికంగా కనబడే ప్రదర్శన చేసి, టైటిల్స్‌లో పేరు లేని వ్యక్తిని చట్టం ప్రదర్శకుడిగా గుర్తించదు. ఆ ప్రదర్శనను తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా వక్రీకరిస్తే అడ్డుకునే లేదా నష్టపరిహారం కోరే హక్కు మాత్రమే ఆ వ్యక్తికి మిగులుతుంది.

కాబట్టి రికార్డింగుకు పిలుపు వచ్చిన మేళగాడు కూలి ఎంత అని అడగడంతో ఆగకూడదు. నాదాన్ని ఏ చిత్రానికి వాడతారు, మళ్లీ వేరేచోట వాడతారా, టైటిల్స్‌లో పేరు వేస్తారా అన్న మూడు విషయాలను కాగితంపై రాయించుకోవాలి. చదువుకున్న పిల్లలు ఆ కాగితం చదివి పెద్దలకు వివరించాలి. ఆ పిల్లల్లో కొందరి చేతుల్లోకి ఇప్పటికే గిటారు వచ్చింది. ఇంటి మహురి పక్కన దానిని శ్రుతి చేసుకోగలిగితే, రేపటి మహామృగానికి కావలసిన గొంతు బరంపురం వీధుల నుంచే పుట్టవచ్చు.